యాభై మూడో ఫైలు

దెయ్యాలున్నాయా అని ఎవరైనా నన్ను అడిగితే, "లాగ్ చూపించు" అనేవాణ్ణి. మా వృత్తి అలాంటిది. వెబ్‌సైట్లు తయారు చేసేవాడికి కారణం లేని తప్పు ఉండదు. పేజీ తెరుచుకోలేదంటే ఎవడో ఎక్కడో ఒక చుక్క మరిచిపోయి ఉంటాడు. ఆ ఎవడో చాలాసార్లు నేనే అయ్యేవాణ్ణి, అది వేరే సంగతి. మా వీధి మలుపులో దిష్టి తీసి పగలగొట్టిన గుమ్మడికాయ ముక్కలుంటే అందరూ చుట్టు తిరిగి వెళ్ళేవారు. నేను వాటి మీదుగానే సైకిల్ పోనిచ్చేవాణ్ణి.

అలాంటి నన్ను ఒక లాగ్‌లోని ఒకే ఒక్క వరుస ఇన్నేళ్ళుగా వదలడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను. నమ్మమని అడగను.

మాది పుదుచ్చేరి. ముదలియార్‌పేటలో ఇల్లు. తాతల తాతలు ఎప్పుడో ఉత్తరాది తెలుగు సీమ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారట. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లిషు. మా తెలుగు వింటే ఆంధ్రా నుంచి వచ్చినవాళ్ళకు నవ్వాగదు. పైగా మాలో చాలామందికి తెలుగు రాయడం రాదు. చీటీ రాయాలంటే ఇంటి తెలుగునే తమిళ అక్షరాల్లో రాసుకుంటాం. ఇప్పుడు మీరు చదువుతున్న ఈ తెలుగు నేను తర్వాత పట్టుబట్టి నేర్చుకున్నది.

నన్ను పెంచింది మా మేనత్త రాజమ్మ. నా పదకొండో ఏట అమ్మ పోయింది, మరో మూడేళ్ళకు నాన్న. అత్త భర్త, మామయ్య, అంతకు ముందే పోయాడు. అత్త బట్టల మిల్లులో పనిచేసి నన్నూ తన కూతురు కల్యాణినీ సాకింది. మిల్లులో మగ్గాల చప్పుడుకు పక్క మనిషి మాట వినపడదు. అందుకని అక్కడివాళ్ళు అయితే అరుస్తారు, లేకపోతే పెదాల కదలిక చూసి మాట పోల్చుకుంటారు. అత్తకు రెండూ బాగా వచ్చు. వాకిట్లో నిలబడి ఆమె పిలిస్తే మూడో వీధిలో ఆడుకుంటున్న మేమిద్దరం బంతి వదిలేసి పరుగెత్తుకొచ్చేవాళ్ళం.

నాన్న చనిపోయే ముందు అత్త ఆయనకు మాటిచ్చింది, కల్యాణిని నాకే ఇచ్చి చేస్తానని. మాలో మేనరికం మామూలే. ఆ మాట మా ఇద్దరి చెవినా ఎన్నిసార్లు పడిందో లెక్కలేదు, మమ్మల్ని అడిగింది మాత్రం ఒక్కసారీ లేదు. ఒకే కంచంలో తిని, ఒకే దువ్వెన కోసం కొట్టుకుని పెరిగాం. నాకు ఆ పిల్ల మీద అలాంటి ఆలోచన ఎప్పుడూ రాలేదు. ఆమెకూ రాలేదు. ఒకనాడు ఆమె దగ్గర్లోని తిండివనం ఊరి అబ్బాయిని రిజిస్టరు పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది.

అత్త వీధిలో నిలబడి నలుగురి ముందు ప్రమాణం చేసింది. "చచ్చిన నా అన్నకిచ్చిన మాట పోయింది. ఇంక దాన్ని ఈ గడపలోకి పిలిచేది లేదు." ఏడేళ్ళు ఆ మాట మీదే ఉంది.

ఇక్కడ నా తప్పు ఒకటుంది, దాన్ని దాచి ఈ కథ చెప్పలేను. కల్యాణి వెళ్ళిపోయినందుకు నాకు బాధ లేదు. గుండె తేలికైంది. ఆ సంగతి అత్తకు చెప్పాల్సింది. "నేనూ చేసుకునేవాణ్ణి కాను అత్తా" అని ఒక్క మాట అంటే ఆమె కోపం సగమైనా దిగేది. నాకు అన్యాయం జరిగిందనే ఆమె అంత రగిలిపోయింది. నేను అనలేదు. పెంచిన మనిషి ముందు నోరు పెగల్లేదు. అత్తకు తెలియకుండా కల్యాణితో ఆఫీసు ఫోన్లో మాట్లాడుతూ, ఆమె నంబరు ఇంట్లో ఫోను పక్కన పుస్తకంలో రాసిపెట్టి, అదే గొప్ప సాయమనుకుంటూ గడిపాను.

తట్టాంచావడిలో ఒక చిన్న కంపెనీలో నా ఉద్యోగం. కింద బోల్టులు చేసే వర్క్‌షాపు, పైన మేం నలుగురం. డయల్-అప్ పోయి బ్రాడ్‌బ్యాండ్ అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. పగలు హోటళ్ళకు, బట్టల కొట్లకు వెబ్‌సైట్లు చేసేవాణ్ణి. ఇంటికొచ్చాక నా సొంత సరదాలు. కంప్యూటరు పత్రికతో పాటు వచ్చే సీడీలో ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉండేవి. అవన్నీ ఎక్కించి చూడకపోతే నిద్రపట్టేది కాదు. ఇంట్లో కంప్యూటర్లోనే ఒక వెబ్ సర్వర్ నడిపేవాణ్ణి. ఇంటర్నెట్ లేకపోయినా, బయట ప్రపంచంతో సంబంధం లేకుండా, ఆ ఒక్క మిషన్ మీదే నా పేజీలు తెరుచుకునేవి. అత్త దాన్ని చూసి "ఊరికి దారి లేని బస్టాండు" అని ఎగతాళి చేసేది.

అప్పటికే అత్త గొంతు బొంగురు పోతోంది. జలుబనుకున్నాం. మిరియాల కషాయం తాగించాం. నాలుగైదు నెలలయ్యాక ఆస్పత్రికి తీసుకెళితే గొంతులో క్యాన్సరన్నారు. స్వరపేటిక మొత్తం తీసెయ్యాలి, ఇక మాట ఉండదన్నారు. ఆపరేషనుకు మూడు వారాలు గడువిచ్చారు.

నేను ఏడవలేదు. నాకు ఏడుపొచ్చినప్పుడు ఏదో ఒక ప్రాజెక్టు మొదలుపెడతాను. శబ్దాలు రికార్డు చేసి ముక్కలుగా కోసే సాఫ్ట్‌వేరు ఒకటి ఆ సీడీల్లో దొరికింది. అత్త రోజూ వాడే మాటలు ఆమె గొంతుతోనే రికార్డు చేసి, ఒక పేజీలో పెడదామనుకున్నాను. నంబరు కొడితే మాట వినిపించాలి.

"ఏందిరా గోపీ, నా గొంతును డబ్బాలో పోసి మూత పెడతావా?" అంది అత్త.

"అట్లానే అనుకో అత్తా."

"సరి, పెట్టు. తిట్లు గూడా పెట్టు. తిట్లు లేకుండా నేను యాడ ఉంటాను?"

సాయంత్రాలు ఫ్యాను ఆపి, కిటికీ మూసి, చెమటలు కక్కుతూ రికార్డు చేశాం. నీళ్ళు కావాల. నొప్పిగా ఉంది. కూరలో ఉప్పు లేదు. ఆ టీవీ ఆపరా. ఏందిరా ఇంత ఆలస్యం. మూడు రకాల తిట్లు. అన్నీ కలిపి యాభై రెండు వచ్చాయి. అన్నీ ఆ బొంగురు గొంతుతోనే. ఈ సంగతి తర్వాత అవసరమవుతుంది. అత్త అసలు గొంతు, మిల్లు రోజుల గొంతు, ఎక్కడా ఏ క్యాసెట్లోనూ లేదు. పెళ్ళి వీడియోలు తీయించుకునే ఇల్లు కాదు మాది.

చివరి రోజు జాబితాలో 53 అని నంబరు వేసి అడిగాను. "అత్తా, కల్యాణికి ఒక మాట చెప్తావా? ఎప్పుడైనా వినిపిస్తాను."

అత్త మైకు తీసి బల్ల మీద పెట్టింది. "దానికి చెప్పేదానికి నాకాడ ఏమీ లేదు. ఆపు" అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. 53 ఎదురుగా ఖాళీ ఉండిపోయింది.

ఆపరేషను జరిగింది. మెడ దగ్గర రంధ్రం పెట్టారు, దాన్నుంచే ఊపిరి. అత్తకు మౌసు పట్టుకోవడం కుదరలేదు, చేతికి చిక్కిన ఎలుకలా జారిపోయేది. అంకెల మీటలు మాత్రం సులువుగా వచ్చాయి. నంబరు కొట్టి ఎంటర్ నొక్కితే మాట పలికేలా పేజీ మార్చాను. జాబితాను తమిళ అక్షరాల్లో ప్రింటు తీసి కంప్యూటరు పక్కన గోడకు అంటించాను. అందులో 53 అన్న అంకె, దాని పక్కన ఖాళీ అలాగే అచ్చయ్యాయి. తీసెయ్యడం మరిచిపోయాను.

ఇంకేమైనా చెప్పాలంటే పలక మీద రాసేది. అయిదో తరగతి తమిళ చదువు, అందులో మా తెలుగు. మిల్లులో ఆమెతో పనిచేసిన కన్నమ్మ పెద్దమ్మ వస్తే పలకా అక్కర్లేదు. అత్త పెదాలు కదిపితే చాలు, ఆమె టకటకా జవాబిచ్చేది. చదువుకున్నవాణ్ణి, నాకే ఆ విద్య రాలేదు.

మొదట్లో ఆ పేజీ బాగా పనిచేసింది. నేను గుమ్మంలో అడుగుపెట్టగానే "ఏందిరా ఇంత ఆలస్యం" అని స్పీకర్లోంచి కేక. చుట్టుపక్కలవాళ్ళు చూడ్డానికొచ్చేవారు. నాకు గర్వంగా ఉండేది. ఆఫీసులో చేసిన ఏ సైటూ ఒక మనిషికి అంత ఉపయోగపడలేదు.

అత్త ఏ మాట ఎక్కువ వాడుతుందో తెలుసుకుందామని సర్వర్ లాగ్ తెరిచాను. లాగ్ అంటే కంప్యూటరు తనకు తానే రాసుకునే హాజరు పట్టీ. ఏ ఫైలును ఏ నిమిషంలో అడిగారు, దొరికిందా లేదా, దొరికితే ఎంత పంపింది, అన్నీ ఉంటాయి. దొరికితే 200 అని రాస్తుంది. అలాంటి ఫైలే లేకపోతే 404.

నీళ్ళ ఫైలు అన్నిటికంటే ఎక్కువ. తర్వాత తిట్లు. వాటి మధ్య ఒక వింత కనిపించింది. ఏ పదిరోజులుగానో, దాదాపు రోజూ మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో 53 అడిగారు. 404. మళ్ళీ మర్నాడు 53. మళ్ళీ 404.

వేలు జారి నొక్కిందనుకున్నాను. రోజూ ఒకే వేళకు ఒకే వేలు జారదు కదా. ఆ వేళకు ఇంట్లో అత్త ఒక్కతే ఉంటుంది. రికార్డు చెయ్యని మాటను ఆమె రోజూ కూర్చుని అడుగుతోంది. అప్పుడైనా ఆమె పక్కన కూర్చుని మాట్లాడాల్సింది. లాగ్ మూసేసి పడుకున్నాను.

ఆ వారం మంగళవారం అత్తను ఆస్పత్రికి చెకప్‌కు తీసుకెళ్ళాను. ఇంటికి తాళం వేసి, తాళంచెవి నా ప్యాంటు జేబులో పెట్టుకున్నాను. మామూలుగానే కంప్యూటరు ఆపలేదు, ఏదో డౌన్‌లోడ్ నడుస్తోంది. భోజనం వేళ దాటాక వెళితే సాయంత్రం అయిదు దాకా కారిడార్లో బెంచీ మీదే కూర్చోబెట్టారు. మూడు ముప్ఫై రెండుకు ఆఫీసు నుంచి ఒక సైటు పనిచెయ్యడం లేదని మెసేజి వచ్చింది. మూడు ముప్ఫై ఏడుకు జవాబిచ్చాను. ఆ మెసేజీలు చాలా రోజులు ఫోన్లో ఉంచుకున్నాను కాబట్టి ఈ నిమిషాలు ఖాయంగా చెప్పగలుగుతున్నాను.

ఫోను జేబులో పెట్టిన కాసేపటికి అత్త నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. చూస్తే ఎదుటి గోడ వైపు చూస్తోంది. పెదాలు కదులుతున్నాయి. చిన్నగా కాదు, నోరు బాగా తెరిచి, మెడ నరాలు బిగించి, మిల్లులో అరిచినట్టు. శబ్దం లేదు. మెడ దగ్గర గాలి మాత్రం బుసబుసమంది. ఒకసారి ఆగి మళ్ళీ అదే కదలిక.

"ఏంది అత్తా? నొప్పా? పలక తేలేదు, ఇంటికెళ్ళినాక రాయి" అన్నాను.

ఆమె నా చెయ్యి వదిలేసి కళ్ళు మూసుకుంది. ఇంటికెళ్ళాక ఏమీ రాయలేదు. నేనూ అడగలేదు.

గురువారం పొద్దున కల్యాణి ఒక సంచీతో గుమ్మంలో నిలబడింది.

"అమ్మ పిలిచింది బావా. వచ్చేసినాను."

నాకు అర్థం కాలేదు. అత్త ఆపరేషను సంగతి నేను ఆమెకు చెప్పాను, మాట పోయిందని కూడా చెప్పాను. "ఎట్లా పిలిచింది?" అన్నాను.

"ఫోన్లో. మొన్న మంగళవారం. పది పదిహేను దినాలుగా మధ్యాహ్నం పూట ఫోన్ మోగేది, తీస్తే ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. సుమ్మా ఊరికే పెట్టేస్తా ఉంటిని. మంగళవారం గూడా అట్లానే అనుకొని తీసినాను. అమ్మ బావా! 'కల్యాణీ, యాడ ఉండావే, పొద్దు పోతా ఉంది, ఇంటికి రావే' అని రెండు మాట్లు పిలిచింది. నేను చిన్నప్పుడు వీధిలో ఆడుకుంటా ఉంటే పిలిచే మాదిరి. పెట్టేసింది."

"ఎన్ని గంటలకు?"

"మూడు నలభై. టీవీలో సీరియల్ మొదలైంది అప్పుడే."

లోపలి గదిలోంచి అత్త వచ్చింది. ఏడేళ్ళ తర్వాత తల్లీకూతుళ్ళు ఎదురుపడ్డారు. కల్యాణి ఏడుస్తూ కాళ్ళ మీద పడింది. అత్త ఆమెను లేపలేదు. పలక తీసుకుని రాసింది. ఎవరు రమ్మన్నారు?

"నువ్వే కదమ్మా పిలిచినావు, ఫోన్లో!"

అత్త నా వైపు తిరిగింది. ఆ చూపు ఎలాంటిదో నాకు తెలుసు. చిన్నప్పుడు డబ్బాలో బెల్లం తగ్గితే అలాగే చూసేది. పలక తుడిచి మళ్ళీ రాసింది. నేను పిలవలేదు. లోపలికి వెళ్ళి, ఆ పలక మంచం మీద పడేసి, గోడ వైపు తిరిగి పడుకుంది.

తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు. ఇంట్లో గొంతులు కోసి అతికించే సాఫ్ట్‌వేరు ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. మర్నాటికి కల్యాణికి కూడా అనుమానం వచ్చింది. "బావా, నిజం చెప్పు. నువ్వేమైనా అతుకులేసి వినిపించినావా?"

కోపమొచ్చింది. యాభై రెండు ఫైళ్ళూ ఆమె ముందు ఒక్కొక్కటే వినిపించాను. పది వినేసరికే తల అడ్డంగా ఊపింది. "ఇది గాదు. ఇది జబ్బు గొంతు. నేను వినింది మా అమ్మ గొంతు, మిల్లుకు పోయే దినాల్లో గొంతు" అంది. ఆ బొంగురు ముక్కలను ఎంత కోసి అతికినా ఆ గొంతు రాదు. ఇప్పుడైతే ఏవేవో చేస్తున్నారు, అప్పుడు నాకే కాదు, మా ఊళ్ళో ఎవరికీ ఆ విద్య తెలియదు.

కల్యాణి వంటింట్లోకి వెళ్ళాక లాగ్ తెరిచాను.

మంగళవారం మధ్యాహ్నం మూడు నలభై. 53. పక్కన 404 కాదు, 200. ఎన్ని బైట్లు పంపిందో కూడా ఉంది. నా ఫైళ్ళ లెక్కన అది సుమారు పదకొండు సెకన్ల శబ్దం. అడిగింది బయటివాళ్ళెవరూ కాదు, ఆ కంప్యూటరే.

ఫోల్డర్లో యాభై రెండు ఫైళ్ళే ఉన్నాయి. డిస్కంతా వెతికాను. చెరిపేసిన ఫైళ్ళను వెలికితీసే సాఫ్ట్‌వేరుతో రెండు రోజులు జల్లెడ పట్టాను. నా పాత రెజ్యూమెలు, సిగ్గుపడాల్సిన కవితలు బయటపడ్డాయి గానీ 53 లేదు. లాగ్‌ను ఎవరైనా మార్చారా అని చూశాను, మార్చిన గుర్తుల్లేవు. తాళం చెక్కుచెదరలేదు. రెండో తాళంచెవి బీరువాలోనే ఉంది. కన్నమ్మ పెద్దమ్మ ఎవరి గొంతైనా అనుకరించగలదేమో అని కూడా అనుమానించాను, పాపం. ఆమె ఆ వారమంతా కడలూరులో కొడుకింట్లో ఉంది. ఆఫీసులో ఒక సీనియర్‌కు లాగ్ ప్రింటు చూపిస్తే, నేనే ఫైలు పెట్టి తీసేసి మరిచిపోయి ఉంటానన్నాడు. వేరేవాడు చూపిస్తే నేనూ అదే అనేవాణ్ణి.

టెలిఫోన్ ఆఫీసు నుంచి కాల్స్ వివరాలు తెప్పించాను. మా ఇంటి నుంచి తిండివనానికి వరసగా మధ్యాహ్నం కాల్స్ ఉన్నాయి. వాటి వేళలను లాగ్‌లోని 404ల వేళలతో పోల్చాను. ఒక్కటీ తప్పలేదు. అంటే అత్త రోజూ పుస్తకం చూసి నంబరు తిప్పి, కూతురు "హలో" అనగానే రిసీవరును స్పీకరు దగ్గర పెట్టి 53 కొట్టేది. స్పీకరు మాట్లాడేది కాదు. పెట్టేసేది. అంత వరకూ నాకు అర్థమైంది, అర్థమైన చోటే ఏడ్చాను కూడా.

కానీ మంగళవారం కాల్ కూడా ఆ కాగితంలో ఉంది. మూడు నలభై. ఆ నిమిషానికి ఇంటికి తాళం వేసి ఉంది, తాళంచెవి నా జేబులో ఉంది, అత్త ఆస్పత్రి బెంచీ మీద నా మణికట్టు పట్టుకుని, శబ్దం లేకుండా, రెండుసార్లు ఏదో అరుస్తోంది.

ఆ కాగితం వచ్చింది తర్వాతెప్పుడో. కల్యాణి వచ్చిన ఆ నాలుగు రోజులు మాత్రం ఇల్లు నరకం. అత్త కంప్యూటరు ముట్టడం మానేసింది. ఒక్క నంబరూ కొట్టలేదు. కల్యాణి జావ కాచి తెస్తే మొహం తిప్పుకునేది. నేనిస్తే రెండు చెంచాలు తాగి ఆపేసేది. మనిషి కళ్ళముందే కరిగిపోతోంది. డాక్టరు తిండి తగ్గితే కష్టమన్నాడు. కల్యాణి పెరట్లో కూర్చుని, "నేను పోతాను బావా, నన్ను చూసి తినడం మానేసింది" అని సంచీ సర్దుకుంది.

ఆమె వెళ్ళిపోతే ఇక ఈ జన్మకు ఇద్దరూ కలవరని నాకు తెలుసు. అందుకని ఒక ఎత్తు వేశాను. అత్త ప్రమాణం చెడకూడదు, కల్యాణి వెళ్ళకూడదు. పిలిచింది నేనని ఒప్పుకుంటే అత్త మాట అత్తకు నిలుస్తుంది. నాలుగు తిట్లు రాసి నన్ను కొట్టి, వచ్చిన పిల్లను ఎలాగూ పొమ్మనలేక జావ తాగుతుంది.

అత్త మంచం పక్కన కూర్చున్నాను. "అత్తా, నువ్వు పిలవలేదు. నిజమే. నేనే నీ గొంతు అతికించి ఫోన్లో వినిపించినాను. తప్పైపోయింది" అన్నాను.

అత్త నా వైపు తిరిగింది. కోపం లేదు. చెయ్యి చాపితే పలక అందించాను. నెమ్మదిగా, బలపం కీచుమనేలా నొక్కి రాసింది.

నువ్వు గాదు.

నేను కాదని ఆమెకు ఎలా తెలుసు? నేనే ఒప్పుకుంటున్నానే! మరి ఎవరు అత్తా అని అడగాల్సింది. గొంతున్నవాణ్ణి నేను, లేని మనిషి ముందు మూగవాణ్ణయ్యాను.

అబద్ధం చెల్లలేదు కాబట్టి ఇక నిజమే మిగిలింది. "అత్తా, కల్యాణి నన్ను కాదనుకుని పోయిందనుకున్నావు. నేనూ చేసుకునేవాణ్ణి కాను. అది పోయిన దినం నాకు నిమ్మళమైంది. నీకు చెప్పేదానికి భయపడినాను. ఏడేండ్లు దాన్ని దూరం చేసింది నేనే" అన్నాను. ఒక్క గుక్కలో చెప్పేసి తల దించుకున్నాను.

కొట్టలేదు. పలక మీది మాటను పైటచెంగుతో తుడిచింది. వంటింటి వైపు వేలు చూపించి, నోటి దగ్గర చెయ్యి ఆడించింది. జావ తెమ్మని. నేను లేవబోతే నా భుజం పట్టి కూర్చోబెట్టి, మళ్ళీ వంటింటి వైపే వేలు చూపించింది. నువ్వు కాదు, అది.

కల్యాణిని పిలిచాను. ఆమె జావ గిన్నెతో వచ్చి మంచం పక్కన కూర్చుంది. అత్త మొదటి చెంచా తాగింది. ఏడేళ్ళ తర్వాత కూతురి చేతి తిండి.

తర్వాత అయిదు వారాలు బతికింది. కల్యాణి కదల్లేదు. కంప్యూటరును మాత్రం అత్త మళ్ళీ ముట్టుకోలేదు, చివరి రోజుల్లో నీళ్ళు కావాలన్నా కూతురి చెయ్యి తట్టేది. ఫోను గురించి ఎవరమూ ఎత్తలేదు. ఒకసారి కన్నమ్మ పెద్దమ్మతో పెదాలతో ఏదో చాలాసేపు చెప్పింది. అత్త పోయాక కన్నమ్మ పెద్దమ్మను అడిగాను, ఆ రోజు ఏం చెప్పిందని. "అది నాతో చెప్పిన మాట. నీకెందుకు?" అని ఒక్క ముక్కలో తేల్చేసింది.

అత్త పోయిన ఏడాదికి ఆ కంప్యూటరు పాడైంది. డిస్కు తీసి దాచాను, లాగ్ ప్రింటు కూడా దాచాను. ఎప్పుడైనా కొత్త సంగతి నేర్చుకుంటే, సర్వర్ అలా తప్పు రాసే వీలుందా అని మళ్ళీ వెతుకుతాను. కాల్ ఎలా వెళ్ళిందో, ఫైలు ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఎటు పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. దెయ్యమని నేననను. బతికి, నా పక్కనే కూర్చున్న మనిషిని దెయ్యమని ఎలా అంటాను?

వృత్తిపరంగా ఈ తప్పుకు కారణం దొరకలేదని ఒప్పుకుంటున్నాను. నన్ను నిద్రపోనివ్వనిది మాత్రం లాగ్ కాదు. ఆ కారిడార్లో ఆమె రెండుసార్లు నోరంతా తెరిచి పిలుస్తుంటే, తిండివనంలో ఉన్న కల్యాణికి వినిపించింది. చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చున్న నాకు వినిపించలేదు.